వీపు తిప్పి వేసిన చెంచా

హోటల్ వంటలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "మాస్టరూ, మీ చేతిల ఉన్న రహస్యం ఏంది?" ఉన్నమాట చెబుతాను. నా దగ్గర ఒక్కటే రహస్యం ఉండేది. దాన్ని ఎంత జాగ్రత్తగా దాచానంటే, చివరికి అది నాకే దొరకలేదు. దాని వల్ల ఒక మనిషి బతుకుదెరువు గోదావరిలో కలవాల్సింది. కలవలేదు. ఎలా కలవకుండా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు ఉప్పలయ్య. పేరులో ఉప్పు పెట్టారు కాబట్టి పొట్టకూడు తీపితో సంపాదించుకున్నాను. మా నాయన బొగ్గు బాయిలో దిగి నల్లగా పైకొచ్చేవాడు. నేను వంటింట్లో దూరి మైదాతో తెల్లగా బయటికొచ్చేవాణ్ణి. ఆయనకు నా పని మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. "ఇంట్ల మీ అమ్మ ఊకె చేసేదాన్ని నువ్వు జీతం తీస్కొని చేస్తున్నవ్, గంతే గదరా" అనేవాడు. ముప్పై నాలుగేళ్ళు చేశాక నాకూ అంతే అనిపిస్తోంది. కాకపోతే మా అమ్మ ఎవరికీ వీపు చూపించి వండలేదు.

ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు చేశాను, ఎప్పుడు జీతం పెరిగింది అన్నవి వదిలేస్తున్నాను. అవి నాకే విసుగు. చివరి పద్దెనిమిదేళ్ళు భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక హోటల్లో పనిచేశాను. ఇరవై గదులు, ఒక భోజనశాల. దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళు, లాంచీ ఎక్కబోయేవాళ్ళు, అడవి చూడ్డానికి వచ్చి దోమలను చూసి వెళ్ళేవాళ్ళు. ఇంత చిన్న చోట మాకు పేరు తెచ్చింది ఇడ్లీ కాదు, పులిహోర కాదు. పన్నా కోట్టా.

తెలియనివాళ్ళ కోసం: మీగడ, పాలు, చక్కెర కలిపి వేడిచేసి, గడ్డకట్టించే పొడి కొంచెం వేసి, గిన్నెల్లో పోసి చల్లబరుస్తారు. పళ్ళెంలో బోర్లించి, పైన పుల్లటి పండ్ల పాకం పోస్తారు. ఇటలీవాళ్ళ సొత్తు. మా సర్వర్లు మొదట్లో 'పన్నా కోట' అనేవాళ్ళు, ఖమ్మం ఖిల్లాకు దూరపు చుట్టం అన్నట్టు. పన్ను లేనివాళ్ళు కూడా హాయిగా తినవచ్చు. పన్ను కట్టకుండా మాత్రం కుదరదు, బిల్లులో వేస్తారు.

గఫూర్ మాస్టర్ భుజాలు

దాన్ని ఆ హోటల్‌కు తెచ్చింది గఫూర్ మాస్టర్. హైదరాబాదులో పెద్ద హోటళ్ళలో చేసి, మోకాళ్ళు అరిగాక మా దగ్గరికి వచ్చాడు. మనిషి వెన్న. చేతిలో ఉన్న బీడీ సగం ఇచ్చేవాడు, పండగకు సేమ్యా గిన్నెడు ఇచ్చేవాడు. కానీ ఏ వంటలోనైనా అసలు వస్తువు పడే క్షణం వచ్చిందంటే ఆ వెన్న గడ్డకట్టేది. గిర్రున వెనక్కి తిరిగేవాడు. విశాలమైన ఆ భుజాల వెనక ఏదో జరిగేది. మళ్ళీ ఇటు తిరిగేసరికి డబ్బా మూత పడి ఉండేది.

ఆ రోజుల్లో మాస్టర్లందరూ అంతే. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. మేము వంట నేర్చుకున్నది మాస్టర్ల ముఖాలు చూసి కాదు, వీపులు చూసి. ఏ భుజం ఎంత లేచిందో చూసి ఎన్ని చెంచాలు పడ్డాయో లెక్కగట్టేవాళ్ళం. నేను ఇంకొంచెం తెలివిమీరి, ఎదురుగా ఉన్న పెద్ద స్టీలు మూతలో ఆయన చేతి నీడను చూసేవాణ్ణి. ఒకరోజు పట్టుబడ్డాను.

"మూతల ఏం చూస్తున్నవ్ బేటా?"

"తల దువ్వుకుంటున్న మాస్టర్."

"వెంట్రుకలు ఉన్నోళ్ళు దువ్వుకుంటరు." నాకు అప్పటికే బట్టతల. నవ్వి, నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు: "చూడు ఉప్పలయ్యా, నా మీద కోపం జెయ్యకు. మనకు ఆస్తి ఉన్నదా, జమీన్ ఉన్నదా? ఉన్నది ఈ చెయ్యి. చెయ్యి చూపిస్తే చెయ్యిస్తరు."

ఆయన భయం అబద్ధం కాదు. హైదరాబాదులో ఆయన నేర్పినవాణ్ణే తక్కువ జీతానికి పెట్టుకుని ఆయన్ను పంపించేశారట. అందుకని నేనాయన్ను తప్పుపట్టను. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఆ భయాన్ని ఎందుకు నేర్చుకున్నానా అని మాత్రం నన్ను నేను తప్పుపడతాను.

ఆయన వెళ్ళిపోయాక పొయ్యి నాదైంది. డబ్బా తెరిచి చూస్తే లోపల ఉన్నది జెలటిన్. ఏడాదిపాటు దాన్ని వాడాకగానీ, అది పశువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీస్తారని నాకు తెలియలేదు. అంతకుముందు గఫూర్ మాస్టర్‌ను అడిగితే "ఎక్కడి నుంచి వస్తది అంటే, ఫ్యాక్టరీ నుంచి వస్తది" అన్నాడు. నాకు అది తెలిసేలోపే, దీక్షలో ఉన్న ఒక పెద్దాయన రెండు రోజులు వరసగా మా దగ్గర దాన్ని తిని, "ఇది కూడా శాకాహారమే కదా నాయనా" అని అడిగి, నేను తలూపితే నన్ను దీవించి వెళ్ళాడు. ఆ దీవెన నాకు ఇప్పటికీ అరగలేదు. ఆయన ఊరు తెలియదు, చెప్పుకునే దారి లేదు. పిల్లలూ, మీరు వేసే వస్తువు ఏమిటో మీకు తెలియకపోతే, తెలియదని చెప్పండి. తలూపకండి.

ఎముకల సంగతి తెలిసిన రోజే జెలటిన్ బయట పారేసి, సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ పొడి తెప్పించాను. దాని గుణం వేరు. జెలటిన్‌ను మరిగించకూడదు, దీన్ని మరిగించకపోతే గడ్డకట్టదు. కొలత చెప్పేవాళ్ళు లేరు. ఎండాకాలం నెల రోజులు పాలు తగలేశాను. ఒకరోజు చారు, ఒకరోజు ఇటుక. అప్పుడే మా వీధిలో తాటిముంజలు అమ్మకానికి వచ్చాయి. ఒకటి ఒలిచి అరచేతిలో పెట్టుకుంటే సన్నగా వణికింది. ఇదే, అనుకున్నాను. పళ్ళెంలో బోర్లిస్తే నిలబడాలి, నిలబడి ముంజలా వణకాలి. ఆ వణుకు వచ్చిన రోజున చేతికి దొరికిన చెంచా ఏదో, దాన్నే కొలతగా పెట్టుకున్నాను. చొక్కా జేబులో వేసుకుని తిరిగాను. వెనక్కి తిరిగి వేశాను.

అవును, నేను కూడా.

ముత్తమ్మ పండ్లు

ముత్తమ్మ మా వంటింట్లో గిన్నెలు కడగడానికి వచ్చింది. దుమ్ముగూడెం అవతల అడవి పక్క కోయ గూడెం వాళ్ళది. నలభై దాటిన మనిషి, చిన్న మనవరాలిని తనే పెంచుకుంటోంది. మాట తక్కువ, మాటంటే మాత్రం తగిలేది. పన్నా కోట్టా మీద పోయడానికి మేము డబ్బా పండ్ల రసం వాడేవాళ్ళం. ఎర్రగా, లిప్‌స్టిక్ కరిగించినట్టు ఉండేది. వానలు పడ్డాక ఒక పొద్దున ఆమె ఆకు దొప్పలో నల్లటి పండ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ముంజేతుల మీద ముళ్ళ గీతలు.

"ఏంది ఇవి?"

"కలే పండ్లు మాస్టరూ. మీ దిక్కు వాక్కాయ అంటరట. గీ డబ్బా రంగునీళ్ళ కంటె నయముంటయ్. తిని చూడుండ్రి."

తిన్నాను. పులుపు, వెనకాల తీపి, ఆ తర్వాత ఎక్కడో అడవి. కడిగి, గింజలు తీసి, నీళ్ళు పోయకుండా చక్కెరతో సన్న మంట మీద మగ్గబెట్టి, పల్చని బట్టలో వడగట్టింది. తెల్లటి పాలగడ్డ మీద ఆ ముదురు ఊదారంగు జారుతుంటే సర్వర్లు పనులాపి చూశారు. మెనూ కార్డు మీద నేను 'ఇటలీ బెర్రీ సాస్' అని రాయించాను. ముత్తమ్మ అది చదివించుకుని, "మా గూడెం ఇటలీల కలిసిందా మాస్టరూ? నాకెవరు చెప్పలె" అంది. కార్డు మార్చాను. తర్వాత వచ్చినవాళ్ళు 'కలే పండ్ల పాకం' అని చదివి ఇదేమిటని అడిగి మరీ తెప్పించుకున్నారు.

ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆమె నేర్చుకోనిది లేదు. పాలు కాచేది, మీగడ కలిపేది, గిన్నెలు సర్దేది, బోర్లించేది, పాకం పోసేది. నాకు జ్వరమొస్తే కూరలన్నీ తనే దించేది. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చూడలేదు. పొడి వేసే వేళకు నేను వీపు తిప్పేవాణ్ణి. ఆమె మర్యాదగా పక్కకు చూసేది. నేను గఫూర్ మాస్టర్‌ను మూతలో దొంగచాటుగా చూసినట్టు ఆమె నన్ను చూడలేదు. అది నాకు అప్పట్లో నా గెలుపులా అనిపించింది. నా వీపుకు ఎంత బుద్ధి ఉందో నాకూ అంతే ఉండేది మరి.

ఒక్క చెంచా

నేను పని మానుకునే రోజులు దగ్గరపడ్డాయి. పొయ్యి ముందు ముత్తమ్మను నిలబెట్టమని యజమాని ప్రసాదరావు గారిని అడిగాను. ఆయనది మధిర వైపు మిరప పండించే కుటుంబం, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మంచివారే, భయస్తులు.

"గిన్నెలు తోమే మనిషిని మాస్టర్ అంటే నలుగురూ ఏవనుకుంటారయ్యా? విజయవాడలో కోర్సు చదివిన కుర్రాడొకడు ఉన్నాడు. తన మనుషుల్ని తనే తెచ్చుకుంటాట్ట."

అంటే ముత్తమ్మకు పొయ్యి రాకపోవడమే కాదు, ఉన్న పని కూడా పోతుంది. నేను పట్టు వదల్లేదు. చివరికి ఆయన ఒక మాట అన్నారు: "సరే, ట్రావెల్స్ వాళ్ళు పదహారు మంది భోజనానికి వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే వారం వారం బస్సులు మన దగ్గర ఆపుతారు. ఆ రోజు వంటంతా ఆవిడ చేతి మీదుగా కానీ. ఆ ఇటలీ స్వీటుతో సహా. బావుంటే ఆవిడే మాస్టరు."

ఆ రోజుకు ముందే కూర్చోబెట్టి కొలత చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ జరిపాను. ఈలోగా ట్రావెల్స్ వాళ్ళు రెండు రోజులు ముందుకు జరిగారు. నా కన్ను జరగలేదు. ఖమ్మంలో కంటి దవాఖానాలో పొర తీయడానికి ఇచ్చిన తేదీ దాటితే మళ్ళీ ఎప్పటికో. వెళ్ళక తప్పలేదు. వెళ్ళేముందు డబ్బా తాళంచెవి ముత్తమ్మ చేతికిచ్చి, "లీటరుకు ఒక్క చెంచా, సమంగా గీసి" అని చెప్పి బస్సెక్కాను. గొప్ప దానం చేసినవాడిలా కిటికీ పక్కన కూర్చున్నాను.

మర్నాడు పొద్దున, ఒక కంటికి కట్టుతో దవాఖానా మంచం మీద ఉన్నాను. పది గంటలకు ఫోను మోగింది.

"మాస్టరూ, కన్నెట్లున్నది?"

"మంచిగున్నది చెల్లె. అక్కడెట్లున్నది?"

"గడ్డ కట్టింది."

"మరింకేం!"

"పన్నా కోట కాదు మాస్టరూ, కోట గోడ అయింది. బోర్లిస్తె టపీమని పడ్డది. వణుకుడు లేదు గినుకుడు లేదు. సబ్బు బిళ్ళ లెక్కున్నది."

నా గుండె మాత్రం బాగానే వణికింది. "నేను లీటరుకు ఒక్కటే వెయ్యమన్న గద!"

"ఒక్కటే వేసిన. రెండు లీటర్లకు రెండు. గీసి వేసిన. మీ మాట మీద ఒట్టు."

ఆమె అబద్ధమాడే మనిషి కాదు. నేనూ ఆడలేదు. మరి? చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. చెంచా అక్కడే ఉంది. వాడుక కొద్దీ దాన్ని దవాఖానాకు కూడా వెంట తెచ్చుకున్నాను. ఉన్న ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. మందు వేయడానికి వచ్చిన నర్సమ్మ నవ్వింది.

"ఏంది పెద్దాయనా, మందు చెంచా గట్ల చూస్తున్నవ్?"

"ఏం చెంచా?"

"దగ్గు మందు సీసతోని వస్తది గద. ఐదు ఎమ్మెల్. గీత గూడ ఉన్నది, కనబడ్తలేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎండాకాలం నాకు దగ్గు పట్టుకుంది. నా టానిక్ చెంచాతో కొలిచాను. తర్వాత జేబులో పెట్టుకుని, ఎవరికీ చూపించక, నేను కూడా దాన్ని చూడటం మానేశాను. నా వరకు అది 'చెంచా' అంతే. వంటింట్లో ముత్తమ్మ చేతికి దొరికే చెంచా అన్నం తినే పెద్ద చెంచా. నలుగురి ముందు ఒక్కసారి వేసి ఉంటే, 'గంత చిన్నదా మాస్టరూ' అని ఎవరో ఒకరు మొదటి వారంలోనే అనేవారు. డాక్టరు నా కంటి పొర తీశాడు. పొరపాటు తీయడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

ఫోనులోనే చెప్పాను. "చెల్లె, తప్పు నాది. నాది మందు చెంచా. ఐదు ఎమ్మెల్‌ది. నాకే యాదికి లేకుండె. నువ్వు ప్రసాదరావు గారికి ఫోనియ్యి, నేను చెప్త. ఇవ్వాళ సేమ్యా పాయసం పెట్టమంట."

"ఎవ్వరికి ఇయ్య. జర ఆగుండ్రి" అంది. నీళ్ళ చప్పుడు. మళ్ళీ గొంతు: "నా సంచిల మనుమరాలి దగ్గు మందు సీస ఉన్నది. మూతకు ఐదు గీత ఉన్నది. మన పెద్ద చెంచ నిండ నీళ్ళు తీసి మూతల పోసి చూసిన. మూడుసార్లు నిండింది."

"అంటే మూడింతలు పడ్డది."

"అవ్. పొడి మూడింతలు పడ్డదంటె, పాలు మూడింతలు చేస్తె సరిపోదా? మళ్ళ కరుగుతదా ఇది?"

పద్దెనిమిదేళ్ళు చేసిన నాకు ఆ ఆలోచన రాలేదు. చైనా గ్రాస్‌కు ఆ మంచి గుణం ఉంది. గడ్డకట్టినదాన్ని మళ్ళీ మరిగిస్తే మళ్ళీ కరుగుతుంది, చల్లారితే మళ్ళీ కడుతుంది. ఎన్నిసార్లు తప్పు చేసినా ఇంకో అవకాశం ఇస్తుంది. మనుషుల్లో యజమానులకు ఆ గుణం తక్కువ.

"కరుగుతది! ముక్కలు చేసి సన్న మంట మీద పెట్టు. పాలు పోసుకుంట కలుపు, అడుగంటనియ్యకు. ఒక పొంగు రావాలె. చక్కెర చూసుకో."

"మీగడ లేదు. చాయ్‌కి తెచ్చిన బర్రె పాలున్నయ్, నాలుగు లీటర్లు."

"అవే పొయ్. అయ్యిందా లేదా ఎట్ల తెలుస్తదంటే..." నేను తడుముకున్నాను. ఆ వణుకును ఫోనులో ఎలా చూపించేది? "తాటిముంజ ఉన్నది చూడు..."

"ఎరుకే మాస్టరూ. పదకొండేండ్ల సంది బోర్లిస్తున్న, వణుకుడు నాకు తెల్వదా? చల్లటి పళ్ళెంల చుక్క వేసి చూస్త, పాకం చూసినట్టు. మీరు కన్ను మూసుకొని పండుండ్రి."

ఫోను పెట్టేసింది. నర్సమ్మ నా చేతిలోంచి చెంచా తీసుకుని చూసి, "దీనికింత ఏడ్సుడేంది పెద్దాయనా? కన్ను తడవొద్దు" అంది. అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియదు.

మధ్యాహ్నం మూడు దాటాకగానీ మళ్ళీ ఫోను రాలేదు. ఈసారి ప్రసాదరావు గారు.

"ఏవయ్యా ఉప్పలయ్యా, పదహారు మందికి యాభై గిన్నెలు చేయించావేంటయ్యా!"

"అదండీ..."

"వాళ్ళు తలా రెండు తిన్నారు. డ్రైవర్లకి పెట్టాం, పక్క గదుల వాళ్ళకి పెట్టాం, లాంచీ వాళ్ళకి పంపాం. అయిపోయిందయ్యా. ఎప్పుడూ చేసేదానికన్నా తేలిగ్గా ఉంది, ఏం మార్చారు?"

"నేనేం మార్చలేదండీ. నేను తప్పు చెప్పాను, ఆమె సరిచేసింది." నా చెంచా కథంతా చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు, తర్వాత నవ్వు ఆపి అన్నారు: "అయితే నీకన్నా ఆవిడే నయమన్నమాట. విజయవాడ కుర్రాడికి ఫోన్ చేసి వద్దని చెప్తాలే."

ఆ రోజు నాకు రెండో కన్ను కూడా బాగా కనిపించింది.

మీకు చెప్పదలుచుకున్నది

పిల్లలూ, గఫూర్ మాస్టర్ మాటలో సగం నిజం. చెయ్యి చూపిస్తే కొందరు చెయ్యిస్తారు. ఇస్తే ఇంకో చోట వండుకోవచ్చు, చెయ్యి మన దగ్గరే ఉంటుంది. కానీ చెయ్యి దాస్తే, మన తప్పు పట్టుకునేవాళ్ళు ఉండరు. నేను దాచిన కొలత ఒకరి చేతిలో పాడయ్యిందని చాలామంది అంటారు. అది నా చేతిలో ఉన్నప్పుడే పాడయ్యింది. ఎవరూ చూడకపోవడం వల్ల తెలియలేదు. మీకు వంట ఎవరైనా వీపు తిప్పి నేర్పితే, వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి. చుట్టూ తిరిగి ముందుకు వచ్చి నిలబడి అడగండి. నేనైతే తిట్టేవాణ్ణి. రెండోరోజు చెప్పేవాణ్ణి.

ఇంకొకటి, చైనా గ్రాస్ లీటరుకు ఐదు మిల్లీలీటర్ల చిన్న చెంచా ఒకటి, సమంగా గీసి. మరిగించాలి. ఇక నా దగ్గర రహస్యాలు లేవు.

మానుకున్న నాలుగు నెలలకు ఒకరోజు దుమ్ముగూడెం పని మీద పోతూ హోటల్లో దిగాను. పొయ్యి ముందు ముత్తమ్మ మాస్టర్, తెల్ల టోపీ పెట్టుకుని. గూడెం నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్క. గోడ మీద పెద్ద అక్షరాలతో కొలతలన్నీ రాయించింది. మానుకున్న రోజున నేను ఆమెకు ఇచ్చి వచ్చిన టానిక్ చెంచా పొయ్యి పక్కన ఒక మేకుకు సన్నటి స్టీలు గొలుసుతో వేలాడుతోంది.

"వేస్తరా మాస్టరూ? పాలు మరుగుతున్నయ్" అంది.

సంతోషంగా చెంచా అందుకున్నాను. పొడి తీసుకున్నాను. ఎన్నో ఏళ్ళ అలవాటు, భుజం తనంతట తనే తిరగబోయింది. తిరగలేదు. గొలుసు అంతవరకు రాలేదు. ఆ చెంచా పట్టుకున్నవాళ్ళు వాళ్ళ ముగ్గురికీ ఎదురుగా నిలబడాల్సిందే.

"గొలుసు గింత పొట్టిగ పెట్టినవేంది చెల్లె?" అన్నాను.

"మీరు ఎన్నడో ఒకనాడు వస్తరని ఎరుకే మాస్టరూ" అంది ముత్తమ్మ.